గుడి గుమ్మం దాకా తీసుకొచ్చే పోస్టు: కతోలిక విచారణలో సోషల్ మీడియా నడపడం ఎలా

పొద్దున్నే విచారణ (పారిష్) వాట్సాప్ గ్రూపు తెరిస్తే నలభై శుభోదయం బొమ్మలు, నాలుగు పుట్టినరోజు కేకులు ఉంటాయి. ఆదివారం పూజ ఏడింటికి బదులు ఆరున్నరకే మొదలవుతుందన్న కబురు వాటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. అది కంటపడనివాళ్లు ప్రసంగం సగమయ్యాక గుడికి చేరతారు. చాలా విచారణల్లో సోషల్ మీడియా ఇలాగే నడుస్తోంది. పంపేది కుప్పలుగా ఉంది, అందాల్సింది మాత్రం అందడం లేదు.

ఫోనులో విశ్వాసం పంచుకోవడానికి ఒక దారి ఉంది. పోస్టు చూసిన మనిషి తిరిగి ఒక మాట అడగాలి. ఆ మాటకు ఇంకో మనిషి జవాబివ్వాలి. ఆ పరిచయం అతన్ని తన ఊళ్లోని దేవాలయానికి, దివ్యబలిపూజకు చేర్చాలి. ఇంటర్నెట్‌లో జ్ఞానస్నానం (బాప్తిస్మం) లాంటి దివ్యసంస్కారాలు ఉండవని వాటికన్ 2002 ఫిబ్రవరిలోనే స్పష్టంగా రాసింది. అందుకే ఈ పనిలో లైకుల లెక్క కన్నా అడిగినవాళ్ల లెక్క, వచ్చినవాళ్ల లెక్క ముఖ్యం. కింద చెప్పేవన్నీ ఆ లెక్క కోసమే.

ఖాతా ఎవరిది?

తన విశ్వాసం గురించి సొంత పేరుతో, సొంత ఖాతాలో మాట్లాడటానికి జ్ఞానస్నానం పొందిన ఎవరికైనా హక్కుంది, బాధ్యతా ఉంది. శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 225వ నియమం చెప్పేది అదే. "ఫలానా కతోలిక యువత", "ఫలానా విచారణ" అన్న పేరు పెట్టుకుంటే సంగతి వేరు. సంబంధిత అధికారి సమ్మతి లేకుండా ఏ సంఘమూ తనను కతోలిక సంఘమని చెప్పుకోకూడదని 300వ నియమం అంటుంది. కాబట్టి విచారణ పేరుతో ఏది తెరిచినా ముందు విచారణ గురువుల (ఫాదర్ గారి) అనుమతి కాగితం మీద తీసుకోండి. ఖాతా పేరు, నడిపేవాళ్ల పేర్లు, ఏమేం పెడతారన్నది అందులో నాలుగు వాక్యాల్లో ఉంటే చాలు. మేత్రాసనానికి (డయాసిస్‌కు) సమాచార విభాగం ఉంటే ఒక నకలు వాళ్లకూ పంపండి.

తర్వాత సిమ్ కార్డు, ఈమెయిల్. రెండూ విచారణ పేరున ఉండాలి. ఫాదర్ గారి సొంత నంబరు మీద ఛానల్ తెరిస్తే, బదిలీ అయిన రోజున ఛానల్ కూడా ఆయనతో పాటు వేరే ఊరికి వెళ్తుంది. ఉత్సాహం ఉన్న కుర్రాడి జీమెయిల్ మీద తెరిస్తే, అతను బెంగళూరులో ఉద్యోగంలో చేరాక పాస్‌వర్డ్ అడగడానికి కూడా మొహమాటపడాలి. యూట్యూబ్‌లో ఇద్దరికి యజమాని లేదా మేనేజర్ హక్కు, మిగతావాళ్లకు ఎడిటర్ హక్కు ఇవ్వండి. ఫేస్‌బుక్ పేజీలోనూ ఇద్దరికి పూర్తి అధికారం ఉండాలి. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద ముద్రించి, కవరులో అంటించి విచారణ కార్యాలయం బీరువాలో ఉంచండి. ఆ సిమ్ రీచార్జి తేదీని కార్యాలయం క్యాలెండర్‌లో రాసి పెట్టండి. ఎక్కువ కాలం రీచార్జి లేకపోతే నంబరు రద్దై కొత్తవాళ్లకు వెళ్లిపోతుంది, దాంతో వాట్సాప్ కూడా పోతుంది.

మనుషులు ఎక్కువ మంది అక్కర్లేదు, ఐదుగురు చాలు. వాక్యాన్ని, బోధనను సరిచూడటానికి ఉపదేశి గానీ సిస్టర్ గారు గానీ ఒకరు. గొంతు ఇచ్చేవారు ఒకరు. బొమ్మలు, వీడియోలు కూర్చేవారు ఒకరు. చివరి ఇద్దరూ జవాబులిచ్చేవాళ్లు, ఒక పురుషుడు, ఒక స్త్రీ. సాధారణంగా ఈ చివరి ఇద్దర్నే మరిచిపోతారు. ఎవరూ జవాబివ్వని ఖాతా, లోపల మనిషి లేని సమాచార కేంద్రం లాంటిది.

గ్రూపా, ఛానలా?

వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా చేరొచ్చు. అక్కడ అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ప్రార్థన కోసమని చేరిన ఆడపిల్లకు అపరిచితుల ఫోన్లు మొదలయ్యేది ఇక్కడే. అందుకే అందరికీ తెరిచి ఉంచే సేవను ఛానల్‌గా పెట్టండి. ఛానల్‌లో చేరినవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనపడవు, శుభోదయం బొమ్మలు వేసే వీలూ ఉండదు. గ్రూపులను పాటల బృందం, యువత, మరియదళం లాంటి ఒకరినొకరు ఎరిగిన చిన్న గుంపులకే ఉంచండి. బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు ఒక చిక్కుంది. మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకే అందులో పంపినది చేరుతుంది. "పంపాం కదా" అని మీరనుకుంటారు, వాళ్లకు వచ్చే ఉండదు.

పూర్తి ప్రసంగాలకు, పూజ ప్రత్యక్ష ప్రసారానికి యూట్యూబ్. యువతకు ఇన్‌స్టాగ్రామ్ రీల్స్. ఊళ్లోని పెద్దవాళ్లకు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు వాట్సాప్ ఆడియో. మూడూ ఒకేసారి మొదలుపెట్టొద్దు. మొదటి ఆరు నెలలు ఒక్కటే నడపండి. ఏది ముందు అంటే మా మాట వాట్సాప్ ఆడియో. చదవడం రానివాళ్లకూ, డేటా తక్కువున్నవాళ్లకూ అందేది అదే.

కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు మీ ఛానల్‌లో ఉంటే వేళ గమనించండి. మన ఉదయం ఆరు అంటే వాళ్లకు తెల్లవారుజామున మూడున్నర. ఛానల్‌లో కబురు ఉండనే ఉంటుంది గనుక ఇబ్బంది లేదు, కానీ "ఇప్పుడే కలిసి ప్రార్థిద్దాం" అన్న ప్రత్యక్ష జపమాలను మన రాత్రి తొమ్మిదిన్నరకు, వాళ్ల ఏడింటికి పెడితే ఇద్దరికీ కుదురుతుంది. ఇంకో సంగతి. గల్ఫ్ దేశాల్లో ముస్లింల మధ్య ఇతర మత ప్రచారం చట్టవిరుద్ధం. "దీన్ని మీ యజమానులకూ పంపండి" లాంటి మాట మీ ఆడియోలో దొర్లితే నష్టం ఆ ఆడపడుచుకే.

రోజు వాక్యం: తొంభై సెకన్ల పని

విచారణకు అన్నిటికన్నా ఉపయోగపడే పోస్టు ఆ రోజు సువిశేషం, అంటే ఆ రోజు పూజలో చదివే సువార్త భాగం. విషయం వెతుక్కోనక్కర్లేదు, శ్రీసభ ముందే ఇచ్చింది. దాదాపు ప్రపంచమంతా ఆ రోజు పూజలో వినే వాక్యమే మీ శ్రోతా వింటాడు.

ముందు క్యాలెండర్ సరిచూసుకోండి. ఆదివారం పఠనాలు మూడేళ్ల చక్రంలో తిరుగుతాయి. 2025 నవంబరు 30న మొదలైన ఆరాధన సంవత్సరం 'ఎ', అందులో ఎక్కువగా మత్తయి. 2026 నవంబరు 29న, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమనకాలం మొదటి ఆదివారంతో 'బి' మొదలవుతుంది, మార్కు వస్తాడు. మార్కు సువిశేషం చిన్నది కాబట్టి ఆ ఏడాది మధ్యలో వరసగా కొన్ని ఆదివారాలు యోహాను ఆరో అధ్యాయం, జీవాహార బోధ చదువుతారు. దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం) గురించి వరుస పోస్టులు వేయడానికి అంతకన్నా మంచి అదను ఉండదు, ఇప్పటినుంచే రాసి పెట్టుకోండి. మామూలు రోజుల మొదటి పఠనం రెండేళ్ల చక్రం, సరి సంఖ్య ఏడాదికి రెండవ సంవత్సరం పఠనాలు.

తప్పు జరిగేది విదేశీ యాప్‌లను నమ్మినప్పుడు. జూలై 3 పునీత తోమాసువారి పండుగ, డిసెంబరు 3 పునీత ఫ్రాన్సిస్ శౌరివారి పండుగ మన దేశంలో మహోత్సవాలు. వేరే దేశపు యాప్‌లో అవి అలా ఉండవు, పఠనాలూ మారిపోవచ్చు. క్రీస్తు మోక్షారోహణం మన దగ్గర గురువారం కాదు, ఆదివారం. మీ మేత్రాసనం ముద్రించే క్యాలెండరే ప్రమాణం.

ఇక రాయడం. తొంభై సెకన్లకు దాదాపు నూట యాభై మాటలు పడతాయి. అందులో నలభై మాటలు వాక్యం. పూర్తి సువిశేషం చదవడానికి ప్రయత్నించొద్దు, రెండు మూడు వచనాలు తీసుకుని అధ్యాయం, వచనం చెప్పండి. తర్వాత అరవై, డెబ్బై మాటల్లో ఒకే ఒక్క సంగతి వివరించండి. ఉదాహరణకు మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలీల కథ. కూలీ అడ్డా మీద సాయంత్రం దాకా ఎవరూ పిలవక నిలబడ్డ మనిషిని మన శ్రోత రోజూ చూస్తూనే ఉంటాడు. అతనికీ ఇంట్లో పొయ్యి వెలగాలి కదా అన్న ఒక్క మాట చాలు, ఆ యజమాని ఎందుకు పూర్తి కూలి ఇచ్చాడో అర్థమవుతుంది. ఆ తర్వాత ఇరవై మాటల ప్రార్థన. ఆఖర్న ఒక చిన్న ప్రశ్నో, పనో. "ఈ రోజు ఎవరి కోసం ప్రార్థించమంటారు? ఈ నంబరుకు రాయండి" అన్నది అన్నిటికన్నా ఎక్కువ జవాబులు తెచ్చే వాక్యం.

రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపండి. పరుపు, దుప్పట్లు ఉన్న గది మంచిది, ఖాళీ హాలులో గొంతు మారుమోగుతుంది. ఫోను నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కకు ఉంచండి. ఎదురుగా పెడితే 'ప', 'భ' పలికినప్పుడల్లా ఊపిరి మైకుకు కొట్టి దబ్‌మంటుంది. నేపథ్య సంగీతం వద్దు. వెయ్యాలనే ఉంటే గొంతు ముందు వినపడీ వినపడనట్టు ఉండాలి. వారానికి సరిపడా ఏడు ఆడియోలు శనివారం ఒకే కూర్చోటలో చేసేస్తే రెండు గంటల పని. రోజూ చేద్దామనుకుంటే మూడో వారానికి ఆగిపోతుంది.

అక్షరాలు విరగకుండా

విచారణ కరపత్రాలు, పాటల పుస్తకాలు చాలావరకు అను ఫాంట్లలో డీటీపీ చేసినవి. ఆ ఫైలు నుంచి కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు, కానీ మార్చాక ఒత్తులు, అరసున్నలు, అంకెలు ఒక్కొక్కటీ చూడాలి. "క్రీస్తు" అన్న మాటలోనే తప్పు దొర్లడం కద్దు. బొమ్మ మీద రాయడానికి యూనికోడ్ ఫాంట్లయిన మండలి, సురన్న, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకు రామభద్ర, వాక్యానికి మండలి బాగుంటాయి. వరుసల మధ్య దూరం ఇంగ్లీషుకు పెట్టినంత పెడితే "శాస్త్రులు" కింది ఒత్తులు తర్వాతి వరుస గుడి దీర్ఘాలతో కలిసిపోతాయి. ఒకటిన్నర రెట్లు ఉంచండి.

కొలతలు: పోస్టుకు 1080 వెడల్పు, 1350 ఎత్తు. రీల్‌కు 1080, 1920. బొమ్మ మీద పాతిక మాటలు దాటితే పెద్దవాళ్లు కళ్లజోడు వెతుక్కోవాలి. అంతకు మించి ఉంటే అది బొమ్మగా పనికిరాదు, ఆడియో చేయండి.

బొమ్మల ఎంపికలో ఒక పొరపాటు మాటిమాటికీ కనిపిస్తుంది. కతోలిక పోస్టుల మీద మెదక్ చర్చి ఫొటో వేస్తారు. అది దక్షిణ ఇండియా సంఘానిది (సీఎస్ఐ), కతోలిక దేవాలయం కాదు. మనకు విజయవాడ గుణదల ఉంది, ఫిరంగిపురం ఉంది, హైదరాబాద్‌లో పునీత జోజప్పగారి పేరిట కథెడ్రల్ ఉంది. అన్నిటికన్నా మంచిది మీ సొంత గుడి ఫొటో. చూసినవాళ్లకు రావలసిన చోటు కళ్లకు కడుతుంది. కృత్రిమ మేధతో గీయించిన బొమ్మలు వాడితే లెక్క చూడండి. ఐదు దశకాల జపమాలకు 59 పూసలుండాలి, యంత్రం గీసినదానికి ఎన్నయినా ఉంటాయి. తపస్సు కాలంలో (ఈస్టరుకు ముందు నలభై రోజులు) గురువులకు పచ్చని పూజావస్త్రం తొడుగుతుంది, ఊదా రంగు ఉండాలని దానికి తెలియదు.

మాట మనదై ఉండాలి

తెలుగు క్రైస్తవ సమాచారం ఆన్‌లైన్‌లో ఎక్కువభాగం ప్రొటెస్టెంటు సోదరులది. అక్కడి నుంచి తెచ్చుకుంటే వాళ్ల పదజాలమే మన పోస్టుల్లోకి వస్తుంది. వాళ్లకు సువార్త, మనకు సువిశేషం. వాళ్లు పరిశుద్ధాత్మ అంటే మనం పవిత్రాత్మ. వాళ్లది బాప్తిస్మం, మనది జ్ఞానస్నానం. వాళ్ల మాటలు తప్పని కాదు. కానీ పోస్టులో ఒక మాట, పూజలో ఇంకో మాట వినబడితే కొత్తగా వచ్చినవారు తికమకపడతారు. వాక్యాన్ని కతోలిక పవిత్ర గ్రంథం నుంచే తీసుకోండి. అందులో 73 గ్రంథాలుంటాయి, మామూలు యాప్‌లలోని తెలుగు బైబిలులో 66. పూజలో సీరా జ్ఞానగ్రంథం నుంచో, మక్కబీయుల నుంచో పఠనం వచ్చిన రోజున ఆ యాప్‌లో వెతికితే దొరకదు.

యంత్ర అనువాదాన్ని సరిచూడకుండా ఎప్పుడూ వేయొద్దు. ఇంగ్లీషులో పూజకు వాడే 'మాస్' అన్న మాటను అది భౌతికశాస్త్రంలోని ద్రవ్యరాశిగా మార్చేయగలదు. అనుభవం లేని చేతిలో "ఆదివారం ద్రవ్యరాశికి రండి" అని పోస్టయి కూర్చుంటుంది.

మనకై మనం రాసుకునే మాటల్లోనూ జాగ్రత్త కావాలి. "మరియమాత ఆరాధన" అని కరపత్రంలో రాసి, వ్యాఖ్యల్లో "మేము మరియమ్మను ఆరాధించం" అని వాదిస్తే ఎవరు నమ్ముతారు? ఆరాధన దేవునికి, దివ్యసత్ప్రసాదానికి. మరియమ్మకు గౌరవం, ఆమె ద్వారా వేడుకోలు. ఈ తేడా పోస్టరు దగ్గరే పాటించాలి.

పూజ ప్రత్యక్ష ప్రసారం

మంచాన ఉన్నవాళ్లకు, ఆస్పత్రిలో ఉన్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. కాళ్లూ చేతులూ ఆడేవాళ్లకు ఇది గుడికి బదులు కాదు. ఈ మాట వివరణలో ప్రతిసారీ రాయండి, కింద పూజ వేళలు, గుడికి దారి చూపే మ్యాప్ లింకు ఇవ్వండి.

యూట్యూబ్‌లో మొదటిసారి లైవ్ అనుమతి రావడానికి 24 గంటలు పట్టవచ్చు, ఫోను నుంచి చేయాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. క్రిస్మస్ రాత్రి పదకొండింటికి ఈ సంగతి తెలుసుకుని బాధపడే విచారణలు ఏటా ఉంటాయి. నెల ముందే తెరిచి పెట్టుకోండి.

బొమ్మ మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే రెండో నిమిషంలో వెళ్లిపోతారు. అందుకే శ్రద్ధంతా శబ్దం మీద పెట్టండి. గుడి చివర స్టాండు మీద పెట్టిన ఫోను మైకుకు చేరేది ఎత్తయిన కప్పు నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని, ఫ్యాన్ల హోరు, పసిపిల్లల ఏడుపు. గుడి మిక్సర్‌లో 'రికార్డ్ అవుట్' గానీ 'ఆక్స్' గానీ ఉంటుంది, అక్కణ్నుంచి శబ్దం తీసుకోండి. అయితే ఆ తీగను నేరుగా ఫోనుకు గుచ్చితే గొంతు బొంగురుపోయి పగిలినట్టు వస్తుంది. మిక్సర్ పంపే శబ్దం మైకు స్థాయి కన్నా ఎన్నో రెట్లు బలమైంది. మధ్యలో చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టాలి. మీటరులో గొంతు గరిష్ఠం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడాలి. గురువుల కాలర్ మైకును పూజావస్త్రం లోపల గుచ్చితే బట్ట రాసుకుని గరగరలాడుతుంది, పైన గుచ్చండి.

ఆ రోజు చేయవలసింది వరసగా:

1. గంట ముందు ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగం చూడండి. 720పీ ప్రసారానికి 4 ఎంబీపీఎస్ కావాలి, చేతిలో కనీసం 8 ఉండాలి. జనం నిండాక గుడి దగ్గర మొబైల్ నెట్ పడిపోతుంది, ఖాళీ గుడిలో చూసిన వేగాన్ని నమ్మొద్దు. వీలైతే కార్యాలయం నుంచి తీగ లాగండి.
2. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం తెరవండి. గురువులు అప్పాన్ని ఎత్తి చూపే వేళకు వచ్చే ఒక్క ఫోన్‌కాల్ ప్రసారాన్ని తెంచేస్తుంది.
3. ఛార్జరు గుచ్చే ఉంచండి, ఫోను కవరు తీసేయండి. వేసవిలో గంట లైవ్‌కు ఫోను వేడెక్కి ఆగిపోతుంది.
4. కెమెరా ఒకచోటే ఉండాలి. నడవా మధ్యలో, బలిపీఠం మీద, మందసం ముందు తిరిగే కెమెరా జనం ప్రార్థనను చెదరగొడుతుంది.
5. దివ్యసత్ప్రసాదం స్వీకరించే వేళ ముఖాలు చూపొద్దు. సిలువ మీదో, మరియమాత స్వరూపం మీదో కెమెరా నిలిపి, గుడికి రాలేనివారు దాన్ని ఆత్మీయంగా స్వీకరించే ప్రార్థనను తెర మీద వేయండి.
6. ఇంట్లో ఒకరు ఫోనులో చూస్తూ శబ్దం పోతే వెంటనే చెప్పాలి. గుడిలో ఉన్నవాళ్లకు అది తెలియదు.

పాటల బృందం మార్కెట్లో దొరికే ట్రాక్ పెట్టుకుని పాడితే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. అలాంటి వీడియోలో యూట్యూబ్ ప్రకటనలు వేయవచ్చు, ఒక్కోసారి శబ్దం తీసేయవచ్చు. హార్మోనియం, తబలాతో సొంతంగా పాడిస్తే ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది, పూజకూ నిండుదనం వస్తుంది.

వేయకూడనివి

"ఈ మెసేజ్ ఇరవై మందికి పంపితే రేపటికి శుభవార్త, పంపకపోతే కీడు." ఇది విశ్వాసం కాదు, మూఢనమ్మకం. దీన్ని పంపినవాళ్లను గ్రూపులో అవమానించొద్దు, విడిగా ఫోను చేసి చెప్పండి. సాధారణంగా పంపేది భయపడ్డ ఓ పెద్దావిడ.

స్వస్థత సాక్ష్యాలు. "జపమాల చేశాను, క్యాన్సర్ పోయింది" అని ఎవరో చెబుతారు. వారి ఆనందం నిజమే కావచ్చు. కానీ లూర్దులో 1858 నుంచి వేలాది స్వస్థతలు నమోదైతే, శ్రీసభ వైద్యుల పరిశీలన తర్వాత అద్భుతాలుగా ఒప్పుకున్నవి డెబ్బైకి కాస్త పైన మాత్రమే. లూర్దుమాత గుణదలలో కొలువైన మనం ఆ ఓపికను నేర్చుకోవాలి. విచారణ ఖాతాలో అలాంటి వీడియో వేస్తే, చూసిన మరో రోగి మందులు మానేయవచ్చు. కొన్ని జబ్బులు మంత్రతంత్రాలతో నయమవుతాయన్న ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది కూడా. దర్శనాలు, కన్నీరు కార్చే స్వరూపాల వీడియోలూ అంతే. 2024 మే నెలలో వాటికన్ వీటిపై కొత్త నియమాలిచ్చింది, పరిశీలించాల్సింది పీఠాధిపతులు (బిషప్పులు). వారు చెప్పే దాకా ఆగండి.

పోపు గారి పేరున తిరిగే సూక్తులు. వాటికన్ అధికారిక వెబ్‌సైటులో ఏ ప్రసంగం, ఏ తేదీ అన్నది దొరకకపోతే వేయొద్దు. పోపు లియో 2025 మేలో ఎన్నికైనప్పటి నుంచీ ఆయన గొంతుతో కృత్రిమంగా తయారుచేసిన వీడియోలు చాలా వచ్చాయి.

పిల్లల ఫొటోలు. ప్రథమ దివ్యసత్ప్రసాదం ఫొటోలు ఎంత ముద్దుగా ఉన్నా, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా వేయొద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దృష్టిలో పద్దెనిమిదేళ్ల లోపు అందరూ పిల్లలే. సత్యోపదేశం తరగతుల్లో చేరేటప్పుడే దరఖాస్తు కింద ఒక గడి పెడితే ఏడాదంతా సరిపోతుంది. పేరు, బడి, ఊరు మూడూ కలిసి ఒకే పోస్టులో కనబడకూడదు.

బియ్యం మూటలు ఇస్తున్న ఫొటోలు. ఇచ్చినవారి ముఖంలో చిరునవ్వు, పుచ్చుకున్నవారి ముఖంలో సిగ్గు, కింద బైబిలు వాక్యం. చూసినవాళ్లకు ఇది ఆశచూపి మతంలోకి లాగడంలా కనిపిస్తుంది. పేదల విషయంలో అలాంటి పద్ధతులు తగవని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. మూటలు ఇవ్వండి, ఫొటో తీయకండి.

విరాళాల క్యూఆర్ కోడ్ వేస్తే అది విచారణ బ్యాంకు ఖాతాదే అయి ఉండాలి. విదేశీ పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లు పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది, దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు తప్పనిసరి. ముందే మేత్రాసనం ఆర్థిక విభాగాన్ని అడగండి.

వ్యాఖ్యలకు జవాబు

"మీరు విగ్రహారాధకులు", "మరియమ్మను దేవుణ్ని చేశారు" అన్న మాటలు మొదటి నెలలోనే వస్తాయి. వచ్చిన ప్రతి వ్యాఖ్యా ప్రశ్న కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగేవారిని గుర్తుపట్టడానికి ఒక తేలిక మార్గం: ఒక్కసారి నిదానంగా జవాబివ్వండి. తెలుసుకోవాలనుకునేవారు ఆ జవాబు మీదే రెండో ప్రశ్న వేస్తారు. వాదించాలనుకునేవారు దాన్ని చదవకుండా ఇంకో ఆరోపణకు దూకుతారు. అక్కడ ఆపేయండి.

జవాబు నాలుగు వాక్యాలు దాటకూడదు. మాదిరికి ఒకటి: "లేదండీ, ఆరాధన దేవునికి ఒక్కరికే. మరియమ్మ క్రీస్తు తల్లి గనుక గౌరవిస్తాం, మాకోసం ప్రార్థించమని అడుగుతాం. మంగళవార్త జపం మొదటి సగం లూకా 1:28, 42 వచనాల మాటలే. ఇంకా మాట్లాడుకోవాలనుంటే ఈ నంబరుకు రాయండి." స్వరూపాల గురించి అడిగితే, బొమ్మలు చేసుకోవద్దనే నిర్గమకాండం 20:4తో పాటు 25:18 కూడా చూడమనండి. నాటి నిబంధన మందసం మీద కెరూబు దూతల బొమ్మలు చేయమన్నది ఆ దేవుడే. తిరిగి వాళ్ల సంఘాన్ని, పాస్టరును ఒక్క మాట అనొద్దు. హిందూ సోదరులు గుణదల మొక్కుల గురించి రాస్తే సంతోషంగా పలకరించండి, ఫిబ్రవరి 9, 10, 11 తేదీల ఉత్సవానికి వాళ్లూ పెద్ద సంఖ్యలో వస్తారు. ఏ మతం దేవుళ్లనైనా కించపరిచే వ్యాఖ్య మన పేజీ కింద ఉంటే, రాసింది మనవాడైనా సరే, వెంటనే తీసేయండి. అది పాపం, భారతీయ న్యాయ సంహిత 299 కింద నేరం కూడా కావచ్చు.

ప్రార్థన విన్నపాలు గ్రూపులో బహిరంగంగా వేయనివ్వొద్దు. "మా కోడలికి గర్భం నిలవడం లేదు" అన్న మాట ఊరంతా చదవకూడదు. విడి నంబరుకు తీసుకుని, పూజలో పేరు మాత్రం చెప్పించండి. ఎవరైనా తమ పాపాలు రాయడం మొదలుపెడితే మృదువుగా ఆపండి. పాపసంకీర్తనం ఫోనులో జరగదు, గురువుల వేళలు చెప్పండి, వచ్చిన మెసేజ్ చెరిపేయండి. బతకాలని లేదని ఎవరైనా రాస్తే వాక్యం పంపి ఊరుకోవద్దు. వెంటనే ఫోను చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి, దగ్గరివాళ్లు ఎవరున్నారో కనుక్కోండి, ఫాదర్ గారికి చెప్పండి.

గుమ్మం దగ్గర

"నేను మీ గుడికి రావచ్చా?" అని ఒకరు రాశారు. అప్పుడు పని ఆన్‌లైన్ నుంచి గుడిలోకి మారుతుంది. అరగంటలో జవాబివ్వండి. పూజ వేళ, ఎంతసేపు పడుతుంది, చెప్పులు ఎక్కడ విడవాలి, ఎటువైపు కూర్చుంటారు, ఇవన్నీ రాయండి. దూరపు ఊరివారైతే వాళ్లకు దగ్గరి విచారణ వెతికి, అక్కడి గురువులకు ముందుగా ఒక మాట చెప్పండి. అతన్ని మీ లెక్కలో ఉంచుకోవాలని చూడొద్దు.

వచ్చే ఆదివారం గేటు దగ్గర ఎవరో ఒకరు, పేరు తెలిసిన మనిషి, నిలబడి ఉండాలి. పాటల పుస్తకంలో పేజీ చూపాలి, ఎప్పుడు లేవాలో ఎప్పుడు మోకరించాలో పక్కనుండి చెప్పాలి. తర్వాత గురువులతో పరిచయం. జ్ఞానస్నానం కోరితే తొందర పెట్టొద్దు. పెద్దవాళ్లకు నెలల తరబడి బోధన ఉంటుంది, సాధారణంగా పాస్కా జాగరణ (ఈస్టరు ముందు) రాత్రి జ్ఞానస్నానమిస్తారు. మరో సంఘంలో పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీటితో బాప్తిస్మం పొందినవారైతే మళ్లీ ఇవ్వరు. ఆ సర్టిఫికెట్ తెచ్చుకోమనండి.

ఇంకో చిన్న సంగతి, దీన్ని పూజకు ముందే చెప్పాలి. అందరూ లేచి బలిపీఠం వైపు వరుస కట్టినప్పుడు కొత్తగా వచ్చినవారూ తెలియక లేస్తారు. అక్కడికెళ్లాక గురువులు ఆగి అడిగితే నలుగురిలో తల దించుకుంటారు, మళ్లీ రారు. "దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి సిద్ధపాటు ఉంటుందండీ, ఈసారికి రెండు చేతులూ గుండె మీద అడ్డంగా పెట్టుకుని వస్తే ఫాదర్ గారు దీవిస్తారు, లేదంటే నాతో పాటు ఇక్కడే కూర్చోండి" అని గేటు దగ్గరే చెప్పండి. కూర్చుంటామంటే మీరూ ఆ వేళకు ఆఖరి వరుసలో వెళ్లి, త్వరగా వచ్చి వాళ్ల పక్కన కూర్చోండి.